మూడోది పలకడం లేదు

రోగం బండిదే అయితే బాగుండునని రమ కోరుకుంటోంది. సొంత బండి చెడిపోయి ఉండాలని మొక్కుకునే మనిషి వరంగల్ మొత్తం మీద తానొక్కతే అయి ఉంటుందనుకుంటే ఆమెకే నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది, ఎందుకంటే పక్కనే ఇనుప బెంచీ మీద భర్త రాజమౌళి నల్లద్దాలు పెట్టుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, చెవులు రెండూ బండికే అప్పగించి కూర్చున్నాడు. షుగరు ఆయన చూపును రెండేళ్లుగా కొంచెం కొంచెంగా తినేసి ఇప్పుడు వెలుగూ నీడా మాత్రం మిగిల్చింది. పదకొండింటికి మామునూరు నుంచి కారు కొనేవాళ్లు ఇంటికి వస్తారు. ఇప్పుడు పది. ఈ గంటలో మెకానిక్ ఫ్రాన్సిస్ ఏం చెబితే అదే. పొద్దున చాయ్ తాగుతూ రాజమౌళి మెల్లగా తేల్చేశాడు. “బండిల తప్పుంటే చేపిచ్చుకుందాం. బండి మంచిగనే ఉన్నదంటే మాత్రం అమ్మేద్దాం రమా. నీ కాలు కుదుర్త లేదు. ఇద్దరి పానాలు బజార్ల పెట్టుడెందుకు?” కోపంగా అన్నా బాగుండేది, తనూ ఒక మాట అని, గిన్నెలు నాలుగు చప్పుడు చేసి ఊరుకునేది. ఆయన జాలిగా అన్నాడు. జాలికి ఎవరైనా ఏం జవాబు చెబుతారు? ఆమె గ్లాసులు కడిగి, బతుకమ్మ లోపల కుట్టి ఇవ్వాల్సిన జాకెట్ల మూట పక్కకు జరిపి తాళం తీసుకుంది. శివనగర్ నుంచి ఈ షెడ్డు దాకా, రాత్రి కురిసిన వాన నీళ్లలో, బండి మూడుసార్లు ఎగిరెగిరి పడింది. మూడుసార్లూ ఆమె తన ఎడమకాలి వైపే చూసుకుంది.

ఫ్రాన్సిస్ ఏ బండి వచ్చినా ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుంటాడు, పెదాలు కదులుతాయి, ఆమెన్ అన్నాకే పానా పట్టుకుంటాడు. మీ యేసయ్యకు ఇంజన్ల సంగతి తెలుసా బావా అని రాజమౌళి ఆటపట్టించేవాడు, రంపం సుత్తె పట్టే వడ్లాయన ఇంట్ల పెరిగినోనికి పనిముట్లు తెలువకుంట ఉంటయా బావా అని ఫ్రాన్సిస్ తిప్పికొట్టేవాడు. పదేళ్ల స్నేహం. రమను చెల్లె అంటాడు కాబట్టి ఆమె మొగుడు బావ అయ్యాడు, అంతే చుట్టరికం. ఇవాళ మాత్రం వేళాకోళాలు లేవు. ఫ్రాన్సిస్ కళ్లు మూసుకున్నప్పుడు రమ కూడా మూసుకుంది, పాలకుర్తి గుట్ట మీది స్వామిని తలుచుకుని, ఆయన ప్రార్థన వెనకే తన మొక్కునూ పంపింది. ఇద్దరు దేవుళ్లు కలిసి చూస్తే తీగె ఎక్కడ తెగిందో దొరకకుండా పోతుందా అనుకుంది, తీగె అని ఎందుకనుకుందో ఆమెకే తెలియదు, బండిలో తెగడానికి ఇంకేముంటాయో తెలియక అనుకుని ఉంటుంది. ఫ్రాన్సిస్ తాళం తిప్పాడు. ఇంజన్ అంటుకుంది, కుంటుతోంది, నాలుగు దెబ్బల్లో ఒకటి జారిపోతోంది. ఇదుగో ఇదే, ఈ జారడమే. ఇరవై ఆరేళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్న చెవి ఆమెది, కుట్టు తప్పితే నిద్రలో కూడా తెలుస్తుంది. మిషను దగ్గరైతే ఎవరితోనైనా వాదించగలదు, సూది వంకరపోయింది, నా కాలుదేం లేదు అని. కారు ఎక్కేసరికి ఆ నోరు ఎటుపోతుందో.

అసలు కారు ఆమెకు ఇచ్చింది ఆయనే. ఈ మాట రమ ఎన్నడూ మరిచిపోదు. కళ్లు మసకబారాయని డాక్టరు చెప్పిన సాయంత్రం, రాజమౌళి అన్నకొడుకు సాయితేజ వచ్చి కాకా బండి నాకియ్యి, నేను తిప్పుత మిమ్ములను అంటే, ఆయన తాళం జేబులోంచి తీసి చీకట్లో తడిమినట్టు గాలిలో చెయ్యి చాపి, రమా ఇగో పట్టు అన్నాడు. ఆమె నలభై ఏడేళ్ల మనిషి, అప్పటిదాకా సైకిలు తొక్కిన పాపాన పోలేదు. ఆదివారాలు సాయితేజతో బండి తోలించి ఎనుమాముల మార్కెట్ యార్డుకు తీసుకుపోయాడు, సెలవు రోజు అంత పెద్ద యార్డూ ఖాళీ, సిమెంటు నేల మీద మిరప ఘాటు మాత్రం సెలవు తీసుకోదు. క్లచ్ మెల్లగా ఇడువు, మెల్లగా, అని ఆయన చెబుతూ ఉండగా ఆమెకు తుమ్ము వచ్చేది, తుమ్ముతో కాలు లేచేది, బండి గుర్రంలా ఎగిరేది, ఆయనా తుమ్మేవాడు, ఇద్దరూ కళ్ల నీళ్లు కారేదాకా తుమ్మి నవ్వేవాళ్లు. కనిపించని మనిషి నేర్పితే చూపున్న మనిషి నేర్చుకుంది. గేరు ఎప్పుడు మార్చాలో ఆయన చూసి చెప్పలేదు, విని చెప్పాడు. బండి మూలుగుతాంది చూడు, ఇగ రెండుల ఎయ్యి అనేవాడు. ఎండాకాలం నాటికి ఆమె ఆయన్ను కంటి ఇంజెక్షన్లకు హనుమకొండ దవాఖానకు తానే తీసుకుపోయేది. మే నెలలో ఒక రోజు ఒంటరిగా పాలకుర్తిలో చెల్లెలి ఇంటికి వెళ్లి వచ్చింది, అద్దం దించి, కొంగు ఎగురుతుంటే, రోడ్డు మొత్తం తనకోసమే పరిచినట్టు. ఆ పూట ఎవరికి దండం పెట్టాలో తెలియక ఎదురొచ్చిన గొర్రెల మందకు దారి ఇచ్చి ఆ కాపరికి పెట్టింది. ఆయన ఎందుకో తెలియకపోయినా తిరిగి దండం పెట్టాడు.

“ఫ్రాన్సిసూ, ఏమన్న తెలిసిందా?” రాజమౌళి అడిగాడు.

“జర ఆగు బావా. ఇనాలె.”

ఫ్రాన్సిస్ పొడవాటి స్క్రూడ్రైవర్ తీశాడు. ఇంజన్‌లో సిలిండర్లనే నాలుగు గదులు, ఒక్కో గదికి పెట్రోలు చిలకరించే చిన్న కుళాయి ఒకటి, దాన్నే ఇంజెక్టర్ అంటారు, కరెంటు వచ్చినప్పుడల్లా టిక్కుమని తెరుచుకుని మూసుకుంటుంది. ఆయన స్క్రూడ్రైవర్ మొన ఒక్కో ఇంజెక్టర్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి పెట్టి వింటున్నాడు, చిన్నపిల్లల డాక్టరు గొట్టం పెట్టి చూసినట్టు. ఒకటి. తల ఊపాడు. రెండు. తల ఊపాడు. మూడు. తల కదలలేదు. మళ్లీ ఆనించాడు, చొక్కా చేతితో చెవి తుడుచుకుని మళ్లీ విన్నాడు. నాలుగు. తల ఊపాడు. “మూడోది పలుకుత లేదు,” అన్నాడు.

పలకడం లేదు. ఆ మాట ఆమెలో తిరగడం మొదలైంది. పలకకపోవడం గురించి ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఆషాఢంలో కొలతలిచ్చి దసరా నాటికి ఒళ్లు చేసి వచ్చిన వాళ్లు, జాకెట్ టైటు చేసినవేంది రమా అంటే, నువ్వు లావైనవు అక్కా అనకుండా, నాదే తప్పు తియ్, ఇటియ్యి అని కుట్లు విప్పడం ఆమెకు అలవాటు. అత్తగారు బతికున్నన్నాళ్లు పాలు పొంగితే తనదే, విరిగితే తనదే. నాదే తప్పు అంటే గొడవ అక్కడికి ఆగిపోతుంది, ఎదుటివాళ్లు చల్లబడతారు, మళ్లీ పని మొదలుపెట్టుకోవచ్చు. ఆ ఒక్క మాటతో సగం సంసారం ఈదింది. కానీ అలా అని అని, ఏది నిజంగా తన తప్పో ఏది కాదో పోల్చుకునే తెలివే పోయింది. వానలు పడ్డప్పటి నుంచి బండి ఎగరడం మొదలుపెడితే, నిన్నటిదాకా మంచిగా నడిపిన కాలే కదా ఇది, ఇవాళ ఏమైందని ఒక్కసారైనా అనుకుందా? అనుకోలేదు. క్లచ్ ఒక్కసారి ఇడిసిపెట్టినవ్ అని ఆయన అన్నాడు, అవును అంది. హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ పచ్చ పడ్డాక బండి గజం కదిలి చచ్చిపోయింది, వెనక బస్సు హారన్ కొట్టింది, ఆటోవాళ్లు పక్కనుంచి వంగి చూసి పోయారు. కానిస్టేబుల్ వచ్చి, ఎందుకమ్మా రాని పని అన్నాడు. రాజమౌళికి ఏమీ కనిపించలేదు కానీ అన్నీ వినిపించాయి. ఆ రోజు ఇంటికి వచ్చాక ఆమె రాత్రి జాకెట్ కుడుతూ ఎడమకాలిని చెప్పుతో కొట్టినంత పని చేసింది.

ఇప్పుడు ఫ్రాన్సిస్ మూడో ఇంజెక్టర్ ప్లగ్గు ఊడబీకి మీటర్ తీగలు రెండూ దాని కొసలకు పెట్టాడు. అంకెలు చూశాడు. పక్కదానికీ పెట్టి చూశాడు. “ఇంజెక్టర్ మంచిగనే ఉన్నది,” అన్నాడు.

మంచిగనే ఉన్నది. పొద్దున రాజమౌళి నోట వచ్చిన మాటే అది. బండి మంచిగనే ఉన్నదంటే. రాజమౌళి చెయ్యి మోకాలి మీద నుంచి లేచి ఆమె చెయ్యి వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంది, ఓదార్చడానికి, అయిపోయింది తియ్ అన్నట్టు, ఆ చెయ్యి వెచ్చగా ఉంది, ముప్పై ఏళ్లుగా ఆ వెచ్చదనానికి ఆమె రుణపడి ఉంది, అయినా ఈ క్షణంలో ఆ ఓదార్పు ఆమెకు అక్కర్లేదు. సరే, అమ్మేద్దాం. మామునూరు వాళ్లు మంచివాళ్లే అయి ఉంటారు. దవాఖానకు ఆటోలో పోవచ్చు, పాలకుర్తికి బస్సుంది, బస్సు లేనినాడు జనం పాలకుర్తికి పోలేదా? ఆరు నెలలు నడిపింది, ఆ ఆరు నెలలు ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అద్దంలోంచి వెనక రోడ్డు చూడటం తెలిసింది, గొర్రెలకు దారి ఇవ్వడం తెలిసింది, అదే పదివేలు. ఇలా తనను తాను సముదాయించుకుంటూనే, సముదాయింపు కింద ఒక మొండి పిల్ల కాలు నేలకేసి కొడుతూ కాదు కాదు అంటోందని కూడా ఆమెకు తెలుస్తోంది.

“ఇంజెక్టర్ మంచిగున్నదంటే, ఇగ దాని తాన్కి కరెంటు ఒస్త లేదన్నట్టు,” ఫ్రాన్సిస్ తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. “ఇగ తీగె చూడాలె.”

తీగె. ఆమె వీపు నిటారైంది. ఫ్రాన్సిస్ ఒక చిన్న బల్బును మొదటిదాని ప్లగ్గులో గుచ్చాడు, ఇంజన్ తిరుగుతుంటే బల్బు మిణుకు మిణుకుమంది. మూడోదాని ప్లగ్గులో గుచ్చాడు, వెలగలేదు. కంప్యూటర్ డబ్బా నుంచి వచ్చే తీగెల కట్టను పట్టుకుని మెల్లగా కదిలిస్తూ పోయాడు, జాన జాన. ఒకచోట వేళ్లు తగలగానే బల్బు గుడ్డిగా వెలిగి ఆరింది. మళ్లీ కదిపాడు, వెలిగింది, ఆరింది. ఇంజన్ ఆపి, నల్ల టేపు బ్లేడుతో కోసి, తీగెలు విడదీసి, కళ్లజోడు ముక్కు మీదికి దింపుకుని చాలాసేపు చూశాడు. చాలాసేపు. తర్వాత స్టూలు మీద కూర్చుని సీసా ఎత్తి నీళ్లు తాగాడు. ఆయన ముఖం చూస్తే రమకు భయమేసింది, ఇంజన్ మొత్తం పోయిందేమో, కొనేవాళ్లు కూడా కొనరేమో. షెడ్డు పక్క బ్రిడ్జి మీది నుంచి రైలొకటి పోయింది, రేకులు అదిరాయి.

“చెల్లె, ఇటు రా.”

ఆమె వెళ్లింది. రాజమౌళి కూడా బెంచీ అంచు పట్టుకుని లేచి గొంతు వచ్చిన వైపు నడిచాడు. ఫ్రాన్సిస్ వేళ్ల మధ్య సన్నటి తీగె ఉంది, చూడ్డానికి నిండుగానే ఉంది, ఒకచోట మాత్రం కొంచెం ఉబ్బింది. అక్కడ పై తొడుగు కోసి చూపించాడు. లోపల రాగి లేదు, రాగి ఉండాల్సిన చోట పచ్చటి పొడి ఉంది. ఆయన వేలితో తాకితే రాలిపోయింది.

“తీగెకు బొక్క వడ్డది. బొక్కల కెళ్లి వాన నీళ్లు వొయ్యి రాగిని తిన్నయ్. తడిసినప్పుడల్లా మూడోది సప్పుడు బందు పెడ్తాంది.” ఫ్రాన్సిస్ వేలికంటిన పొడి తుడుచుకున్నాడు. “బొక్క పెట్టింది ఎవలో గాదు, నేనే. ఎండకాలం మీరు ఇంజన్ లైటు ఎలుగుతాందని ఒచ్చిండ్రు సూడు. కరెంటు ఒస్తాందా లేదా అని ఈ తీగెల పిన్ను పొడిసి సూసిన. తప్పు ఇంకోకాడ దొరికింది, గది సరిజేసి పంపిచ్చిన. పొడిసినకాడ గమ్ము వెట్టి మూయాలె. మరిసిన.”

పిన్ను. ఆమె చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయింది, పుస్తెలతాడుకు ఎప్పుడూ వేలాడే పిన్నుల గుత్తి మీదికి. ఆ రోజు ఇదే షెడ్డులో, సూదిలాంటిది ఏమన్న ఉన్నదా చెల్లె అని ఆయన అడిగితే, ఉన్నదన్నా అని తీసి ఇచ్చింది తనే. ఇచ్చినందుకు గర్వపడింది కూడా, మెకానిక్ షెడ్డులో తన పిన్ను పనికొచ్చిందని. నోరు వెంటనే తెరుచుకుంది, పాత అలవాటు, తలుపు కొట్టకముందే తీసినట్టు.

“పిన్ను నేనే ఇచ్చిన గదన్నా. నాదే తప్పు తియ్.”

“పిన్ను ఇచ్చినవ్. పొడువుమని జెప్పినవా, మూయకుమని జెప్పినవా?” ఫ్రాన్సిస్ గొంతులో కొంచెం విసుగు ఉంది, అది ఆమె మీద కాదు. “ముప్పై ఏండ్ల సంది గిదే పని జేస్తాన్న. తప్పు నాది చెల్లె. నీ కాలు మంచిగున్నది. గీ బండిని మూడు సిలిండర్ల మీద ఇక్కడిదాక తోలుకొచ్చినవంటే నీ కాలు మస్తు మంచిగున్నది.”

తప్పు నాది అని తన ముఖం మీద ఎదుటి మనిషి అనడం ఆమె జీవితంలో ఇదే మొదటిసారేమో అని వెతికింది, తల్లీ అనలేదు, అత్తా అనలేదు, కొలతలు తప్పిచ్చిన వాళ్లెవరూ అనలేదు, వెతికిన కొద్దీ దొరకలేదు. ఫ్రాన్సిస్ నోరు మూసుకుని ఆ ముక్క కోసి పారేసి, మంచి తీగె అతికించి టేపు చుట్టి ఉంటే ఎవరికి తెలిసేది? ఎలుక కొరికింది చెల్లె అన్నా నమ్మేది. బ్రిడ్జి పక్క షెడ్డు, ఎలుకలకు కొదవా? స్టూలు మీద కూర్చుని నీళ్లు తాగినంతసేపు ఆయన ఎటు పోవాలా అని చూసుకున్నాడేమో, ఇటు వచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు ఆయన పాదాలు ముట్టుకోవాలనిపించింది. ముట్టుకుంటే కంగారు పడతాడని ఊరుకుంది.

రాజమౌళి ఇంకా తీగె ఉన్న వైపే ముఖం పెట్టి నిలబడ్డాడు. “ఫ్రాన్సిసూ,” అన్నాడు. “గా చౌరస్తల ఆగింది గూడ గిదేనా?”

“గిదే బావా. ఆనాడు వాన లేదా?”

“ఉన్నది. మరి దవాఖాన గేటు కాడ?”

“గదీ గిదే.”

“శ్రావణంల ఒకనాడు అండర్‌బ్రిడ్జిల, నీళ్లల్ల?”

“బావా, నీళ్లల్ల గిది గాకుంట ఇంకేముంటది?”

ఆయన అడుగుతూనే ఉన్నాడు, ఒక్కొక్క చోటు, ఒక్కొక్క రోజు, ఆమె కూడా మరిచిపోయిన వాటిని. ఇన్ని గుర్తుపెట్టుకున్నాడా అని రమకు మొదట కష్టమనిపించింది. తర్వాత అర్థమైంది, ఆమె మీద వేసినవన్నీ ఆయన ఒక్కొక్కటిగా దింపుతున్నాడు. అన్నీ అయిపోయాక జేబులోంచి ఫోను తీసి ఆమె వైపు చాపాడు, మామునూరాయన నంబరు కలుపు అన్నాడు. ఆమె కలిపి ఇచ్చింది. “అన్నా, రాకుండ్రి. బండి అమ్ముత లేము,” అన్నాడు. అవతల ఏదో అడిగారు. “లే, బేరం గురించి గాదు. మా ఆమె నడుపుతాంది.” ఇంకా ఏదో అడిగారు. “మా ఆమే,” అని మళ్లీ చెప్పి ఫోను పెట్టేశాడు. ఆ మాట షెడ్డులో ఉన్న రమకు ఎనుమాముల యార్డంత పెద్దగా వినిపించింది. నాతో నేరుగా ఏమీ అనడు, అనలేడు, మామునూరుకు చెప్పి నాకు వినిపిస్తాడు, ఈ మనిషి ఇంతే అనుకుంది, ఇంతే ఉన్నందుకు కూడా సంతోషపడింది.

ఫ్రాన్సిస్ చెడిన ముక్క కోసేసి కొత్త తీగె కలిపి సోల్డరింగ్ పెట్టాడు, సన్నటి పొగ లేచింది. గొట్టంలాంటి తొడుగు ఎక్కించి అగ్గిపుల్లతో వేడి చేస్తే అది తీగెను పట్టుకుని బిగుసుకుంది. దాని మీద టేపు, ఒక చుట్టు ఎక్కువే. తన చేతి పిన్ను పోట్లు ఇంకెన్ని ఉన్నాయోనని కట్ట మొత్తం విప్పి వెతికాడు, ఇంకొకటి దొరికింది, దానికీ గమ్ము పెట్టి మూశాడు. తర్వాత తాళం తిప్పి, స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చి, ఇను అన్నాడు. పిడి చెవి వెనక ఆనించుకుంటే గుండె చప్పుడంత దగ్గరగా వినిపించింది, టిక్ టిక్ టిక్ టిక్, సన్నగా, ఆగకుండా, తప్పకుండా. వదలబుద్ధి కాలేదు. నాలుగూ విని మూడోదాన్ని మళ్లీ విన్నది.

బయటికి వస్తుంటే బండి నూనె పూసినట్టు కదిలింది. రాజమౌళి పక్క సీట్లో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. రోడ్డు ఎక్కే ఎత్తు దగ్గర ఒక లారీ పోయేదాకా ఆగింది. దారి దొరికింది. కళ్లలో ఇంకా తడి ఉంది, మనసంతా ఫ్రాన్సిస్ దగ్గరా, కొత్త తీగె దగ్గరా ఉంది, కాలు మాత్రం తొందరపడింది. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు. రమ అలవాటు కొద్దీ భర్త మాట కోసం ఎదురుచూసింది, ఆయన పెదాలు బిగించుకుని కిటికీ వైపు తిరిగాడు, ఫ్రాన్సిస్ షెడ్డులోంచి పరుగెత్తుకు వస్తూ తీగె ఊడిందా చెల్లె అని అరుస్తున్నాడు. ఆమె తన ఎడమకాలి వైపు చూసుకుంది. ఈసారి ఏ సందేహమూ లేదు, భయమూ లేదు, నవ్వు ముంచుకొచ్చింది. అద్దం దించి తల బయటపెట్టింది.

“తీగె మంచిగున్నది అన్నా. క్లచ్ నేనే తొందరగ ఇడిసిన.”

“ఎవలైన ఇడుస్తరు,” అన్నాడు పక్కనుంచి రాజమౌళి. “నేను గూడ ఇడిసేటోన్ని. స్టార్ట్ చెయ్.”

ఆమె మళ్లీ తాళం తిప్పింది.